సొరుగు మీద పువ్వులు పూయిద్దామా?

చెల్లీ, గోడకి అంటించే కాగితాన్ని బీరువా తలుపుకి అంటిస్తానంటే నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. నవ్వనీ. ఆ కాగితాల్లోనే ఒక రకం ఉంది, దాని సంగతి తెలిసినవాళ్ళు నవ్వరు. తెల్లగా, బోసిగా, ఏ రంగూ లేకుండా ఉంటుంది. దాని మీద తీగలో, పువ్వులో, చిన్న గళ్ళో, నిలువు పట్టీలో ఉబ్బెత్తుగా పొంగి ఉంటాయి. వేలితో తడిమితే తగుల్తాయి. రంగు మనం వేసుకోవాలి. వేసి ఆరాక దూరం నుంచి చూసినవాళ్ళు చెక్కుడు పనేమో అనుకుంటారు గానీ కాగితమని వాళ్ళకి తట్టదు.

దుకాణానికెళ్ళి ఊరికే వాల్‌పేపర్ అని అడిగావనుకో, నీ ముందు రంగురంగుల చుట్టలు గుట్టపోస్తారు. ఇటుక గోడ బొమ్మలు, మెరుపుల పువ్వులు, పాలరాయి చారలు. అవి మనక్కాదు. వెనక కాగితం పీకి అంటించే స్టిక్కర్ రోల్స్ కూడా వద్దు. వాటి మీద రంగు నిలవదు, రెండు వేసవులకి అంచులు లేస్తాయి. 'పెయింటబుల్, టెక్స్చర్ ఉన్నది' అని నొక్కి అడుగు. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి ఊళ్ళలో పెద్ద దుకాణాలవాళ్ళు దగ్గర లేకపోయినా తెప్పించి ఇస్తారు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మన అమ్మాయిలకైతే ఇంటి సామాన్ల దుకాణంలో పెయింట్ డబ్బాల పక్క వరసలోనే దొరుకుతుంది.

ఇదేదో నిన్న మొన్న ఫోన్ వీడియోల్లో పుట్టిన సరదా అనుకోకు. నేలకి పరిచే లినోలియం తెలుసు కదా, అది కనిపెట్టిన ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లండ్ ఆయన 1877లో లింక్రస్టా అని ఒకటి తెచ్చాడు. అవిసె నూనెని చిక్కబరిచి, అందులో చెక్కపొడి కలిపి, ముద్ద చేసి, కాగితం మీద పరిచి పువ్వుల అచ్చు ఒత్తడమే. చెక్కుడు పని చేయించుకునే స్తోమత లేని ఇళ్ళవాళ్ళు కూడా గోడలకి ఆ సొగసు తెచ్చుకున్నారు. లింక్రస్టా కంపెనీ లండన్ షోరూమ్‌లో మేనేజర్‌గా ఉన్న థామస్ పామర్‌కి, ఇది బరువుగా ఉంది, వంగదు, ఇంతకంటే తేలిగ్గా కాగితం గుజ్జుతోనే చేయొచ్చు కదా అని తోచింది. 1887లో అనాగ్లిప్టా అనే కాగితం అలా బయటికొచ్చింది. అదే పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. జర్మనీలో ఇంకో కథ. హ్యూగో ఎర్‌ఫుర్ట్ అనే మందుల షాపు ఆయన 1864లో కాగితం పొరల మధ్య చెక్క నలుసులు పెట్టి గరుకు కాగితం తయారుచేశాడు. మొదట అది దుకాణాల అద్దాల కిటికీల్లో అలంకరణకట. గోడలెక్కింది చాలా ఏళ్ళ తర్వాత.

మనకి మాత్రం కొత్తా ఏమిటి ఇదంతా? కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపి మక్కు అని చేస్తారు. బొమ్మకి చేతులూ కాళ్ళూ అతికేది దాంతోనే, ముక్కూ నగలూ ఉబ్బెత్తుగా దిద్దేదీ దాంతోనే. ఎండాక రంగు పూస్తే చెక్కేదో మక్కేదో తెలీదు. వాల్టన్ ఇంగ్లండ్‌లో చేసినదానికీ, మన పెద్దలు పొణికి చెక్క మీద చేసినదానికీ కిటుకు ఒకటే. చెక్కపొడిని ముద్ద చేసి, పొంగించి, రంగు కింద దాచేయడం.

అందుకే ఈ కాగితం గోడ మీదకంటే సామాను మీదే నాకు ఎక్కువ నచ్చుతుంది. మన గోడల తేమ సంగతి నీకు తెలియంది కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో వానాకాలం గోడకి ఏ కాగితం అంటించినా వెనక బూజు పడుతుంది. బీరువా తలుపుకి ఆ బెడద తక్కువ. పైగా గోడంతా పొంగు పువ్వులుంటే గది ఇరుకైపోయినట్టు అనిపిస్తుంది. అదే పువ్వు ఒక్క సొరుగు ముఖం మీదుంటే చూపు అక్కడ ఆగుతుంది.

ఏ సామానుకి చేయాలి, దేనికి చేయకూడదు అన్నది అసలు విషయం. నా మాట గట్టిగానే ఉంటుంది, ఏమీ అనుకోకు. టేకుకి చేయొద్దు. జిట్టేగికి అస్సలు చేయొద్దు. తాతల నాటి పందిరి మంచం, గుండ్రటి కోళ్ళున్న రాత బల్ల, ఇత్తడి బొడిపెల పెట్టె, వీటిలో ఏదైనా నీ ఇంట్లో ఉంటే పాత వార్నీషు గీకించి పాలిష్ పెట్టించు. అంతకుమించి దాన్ని ముట్టుకోకు. ఆ చెక్క గీతల ముందు ఏ కాగితం నిలుస్తుంది? అమెరికాలో కూర్చుని 'పాతదే కదా' అని అమ్మమ్మ బల్లకి తెల్ల రంగు పూసే వీడియోలు చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మరి దేనికంటే, ఎవరికీ కన్నీళ్ళు రానివాటికి. పదిహేనేళ్ళ కిందట కాంట్రాక్టరు తగిలించిన కాఫీ రంగు సన్‌మైకా అలమరలు. పొట్టు పలకతో చేసి, పెట్టెలో పెట్టి ఇంటికొచ్చి బిగించి వెళ్ళిన సొరుగుల బీరువాలు. పిల్లలు స్టిక్కర్లు అంటించి పీకి మచ్చలు చేసిన చదువు బల్ల. టీవీ కింద ఉండే పొడుగాటి పెట్టె. పుస్తకాల అర వెనక పలక. ఇవన్నీ గట్టిగానే ఉంటాయి, పారేయడానికి మనసొప్పదు, చూడ్డానికి మాత్రం కళ్ళు మూసుకోవాలి. అమెరికాలో ఉండేవాళ్ళకి థ్రిఫ్ట్ స్టోర్లలో దొరికే సొరుగుల పెట్టెలు ఇంకా మంచి సరుకు.

ఇనప బీరువా సంగతి చాలామంది అడుగుతారు. కుదరదని కాదు గానీ, ఇనుము పేస్టుని పీల్చుకోదు. ముందు దానికి తగిన మెటల్ ప్రైమర్ వేయాలి, దాని మీద అంటించాలి, పైగా తలుపు చప్పుడు చేస్తూ మూసిన ప్రతిసారీ అంచులు అదురుతాయి. ఇనప బీరువాకి మంచి స్ప్రే పెయింటే అందం. అద్దె ఇంట్లో ఓనరుగారి కప్‌బోర్డుల జోలికి మాత్రం వెళ్ళకు. మనం ఖాళీ చేసే రోజున ఆ పువ్వులు అడ్వాన్సులోంచి కోత పడతాయి.

ఇంకో మాట. ఇది రంగుల గురించి కాదు, ఇంట్లో మనుషుల గురించి. నీ పుట్టింటి సారెలో వచ్చిన డ్రెస్సింగ్ టేబుల్‌ని నువ్వు ఏమైనా చేసుకో. అత్తింట్లో నువ్వు అడుగుపెట్టేనాటికే ఉన్న టీపాయ్ మాత్రం పాతబడిపోయిందని నీకు అనిపించినా, అది మావయ్యగారి మొదటి జీతంతో కొన్నదై ఉండొచ్చు. ఆ సంగతి ఎవరూ నీకు చెప్పి ఉండకపోవచ్చు. మీద రంగు పడ్డాకే తెలుస్తుంది. అప్పుడు ఎవరూ పైకి ఏమీ అనరు, ఆ మౌనమే నెలల తరబడి సాగుతుంది. కాబట్టి అడుగు. అడగడంలోనూ ఒక నేర్పుంది. "అత్తయ్యా, దీనికి రంగు మార్చొచ్చా?" అంటే వద్దనే వస్తుంది. "అత్తయ్యా, దీనికి ఏ రంగు బావుంటుందంటారు?" అని అడిగి చూడు. టేపు తెచ్చి కొలతలు కూడా ఆవిడే తీస్తారు. నిజంగానే వద్దన్నారా, వదిలెయ్. ఇంట్లో సన్‌మైకాకి కరువా?

ఇంటాయన సంగతంటావా, "కొత్తది కొనేద్దాం, ఈఎంఐ ఉంది కదా" అంటారు. కొననీ వేరే ఏదైనా. పాతది గట్టిగా ఉన్నప్పుడు దాన్ని తీసేసి అంతకంటే పల్చటి పలక ఇంటికి తెచ్చుకోవడం తెలివైన పని కాదని నా లెక్క.

సరే, కొలతల్లోకి వద్దాం. మామూలు చుట్ట దగ్గర దగ్గర 10 మీటర్ల పొడవు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మన దుకాణాల్లో దాన్నే 57 చదరపు అడుగుల రోల్ అంటారు. వెడల్పు ఇరవయ్యొక్క అంగుళాలని గుర్తుపెట్టుకో, పనంతా దాని చుట్టూ తిరుగుతుంది. మూడు సొరుగులున్న పెట్టె తీసుకో. ఒక్కో ముఖం 30 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు అనుకుంటే మూడింటికీ కలిపి 5 చదరపు అడుగులు. కోతకి నాలుగు పక్కలా అంగుళం వదిలినా ఏడు దాటదు. అంటే ఒక్క చుట్టతో నీ పెట్టే, మీ వదిన పెట్టే, ఎదురింటి వాళ్ళదీ అయిపోయాక ఇంకా మిగుల్తుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. లేదంటే దుకాణంలో పెద్ద పని అయ్యాక మిగిలిన ముక్కలుంటాయి, మొహమాటం లేకుండా అడుగు. మనక్కావలసింది ఆ ముక్కే.

రెండడుగుల వెడల్పున్న అలమర తలుపుకి చుట్ట వెడల్పు చాలదు, మధ్యలో అతుకు వస్తుంది. అతుకు పడిందంటే పని ఎంత బాగా చేసినా కన్ను అక్కడికే పోతుంది. దానికి ఉపాయం ఉంది. తలుపంతా కప్పకు. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలెయ్. మధ్యలో మిగిలేది 18 అంగుళాలు. ఇరుపక్కలా అంగుళం కోతకి కలిపితే ఇరవై, చుట్టలో హాయిగా పడుతుంది. కాగితం అంచు మీద సన్నటి చెక్క బీడింగ్ కొట్టించు. వడ్రంగి మేస్త్రీకి గంట పని. బీడింగ్ వల్ల అంచు లేవదు, పైగా చదునుగా ఉన్న తలుపు కాస్తా పలక దించి చేసిన తలుపులా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఈ అందంలో సగం బీడింగ్‌దే. ఆ ఖర్చుకి వెనకాడకు.

పువ్వు ఎంపికలో ఒకటే చూడు. ఎనిమిది అంగుళాల సొరుగు మీద అడుగున్నర పువ్వు పెడితే అరరెక్క, సగం ఆకు పడి ఏమిటో తెలియకుండా పోతుంది. చిన్న సామానుకి చిన్న గళ్ళు, చుక్కలు, సన్న తీగ. పెద్ద తలుపుకి పెద్ద వలయాలు. నిలువు పట్టీల కాగితం చాలా సాదాగా ఉంటుంది గానీ పిల్లల గది సామానుకి దాన్ని మించింది లేదు, దుమ్ము కూడా తక్కువ పడుతుంది. మూడు సొరుగులకీ తీగ ఒకే వరసలో కిందికి దిగాలంటే ఒకే పొడుగు ముక్కలోంచి పైది, మధ్యది, కిందది వరసగా కోసి వెనక పెన్సిల్‌తో అంకెలు వేసుకో. అయితే అది వెడల్పు పందొమ్మిది అంగుళాల లోపు సొరుగులకే. ముప్పై అంగుళాల సొరుగుకి కాగితాన్ని అడ్డం తిప్పి వేయాలి కాబట్టి ఏ వైపు తిప్పినా ఒకేలా కనిపించే గళ్ళో చుక్కలో తీసుకోవడం మంచిది. తీగ పక్కకి పడుకుంటే బావుండదు.

ఇక వీడియోల్లో ఎవరూ చూపించని భాగం. ఒక్క నిమిషంలో పాతది కొత్తదైపోయినట్టు చూపిస్తారే, ఆ నిమిషానికి ముందు రోజంతా జరిగేది ఇదే. ముందు పిడులు, బందులు, తాళం పట్టీలు విప్పి, మరలన్నీ ఒక డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకో. చెక్కకి సన్నటి కన్నాలుండి వాటిలోంచి పిండి రాలుతుంటే పుచ్చు ఉన్నట్టు. మట్టి గీతలు కనిపిస్తే చెదలు. వాటిలో ఏది ఉన్నా ఆ సామానుకి కాగితం అంటించడమంటే వాటికి విందు పెట్టడమే. మందు కొట్టించి, పూర్తిగా పోయాయని తేలాక మొదలుపెట్టు. తర్వాత జిడ్డు. వంటింటి పక్కన ఉన్న సామానుకి కంటికి కనిపించని నూనె పొర ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో మళ్ళీ తుడిచి ఆరనివ్వాలి. ఆరాక 120 నంబరు గరుకు కాగితంతో సన్‌మైకా మెరుపు చచ్చిపోయేదాకా రుద్దాలి. మెరుపున్న చోట ఏదీ పట్టదు. గాట్లకి, పాత పిడుల కన్నాలకి లప్పం పెట్టి, ఆరాక 220 నంబరుతో నున్నగా చెయ్. కాగితం పొంగుగా ఉంది కదా, కింద గుంటలు దాగుతాయనుకోకు. చిన్నవి దాగుతాయి, పెద్దవి రంగు పడ్డాక పళ్ళికిలిస్తాయి.

ఈ రుద్దుడు దగ్గర ఒక జాగ్రత్త, దీన్ని మాత్రం నవ్వుతూ చెప్పను. పాత రంగు వేసిన సామానైతే ఆ రంగులో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచే. అమెరికాలో సీసం రంగుల్ని 1978లో నిషేధించారు. అంతకు ముందటి రంగుల సామాను రుద్దితే లేచే దుమ్ము ముక్కులోకి, నోట్లోకి పోతుంది. చిన్నపిల్లలకి అది మెదడు ఎదుగుదలని దెబ్బతీసే విషం. నువ్వు కడుపుతో ఉన్నా, ఇంట్లో పాకే బిడ్డ ఉన్నా పాత రంగు సామానుని అసలు రుద్దకు, వేరే వస్తువు చూసుకో. తప్పనిసరైతే బయట పెట్టించి, తడి చేసి, నీళ్ళ గరుకు కాగితంతో, మంచి మాస్కు పెట్టుకుని చేయించు. పొడిగా రుద్దొద్దు, చీపురుతో ఊడవొద్దు, తడి గుడ్డతో తుడిచి పారేయించు.

రుద్దాక ప్రైమర్. ముదురు రంగు పాలిష్ ఉన్న చెక్క మీద నేరుగా నీళ్ళ రంగు వేస్తే పాలిష్ గోధుమ రంగు మచ్చలుగా పైకి ఊరుతుంది. తెల్లటి పువ్వుల మీద టీ మరకలు పడ్డట్టే. ఆయిల్ బేస్ వుడ్ ప్రైమర్ ఒక కోటు వేస్తే ఆ మచ్చలు చాలావరకు కిందే ఆగిపోతాయి.

జిగురు ఏది వాడాలన్న దాని మీద ఇళ్ళలో పెద్ద చర్చలే జరుగుతాయి. మనవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది మైదాపిండి ఉడికించిన లై. పోస్టర్లకి సరిపోతుంది, బీరువాకి వద్దు. బొద్దింకలకీ పుస్తకాల పురుగులకీ అది భోజనం, తేమ తగిలితే బూజు. ఫెవికాల్ గట్టిగానే పడుతుంది గానీ చాలా తొందరగా పట్టేస్తుంది, కాగితాన్ని అటూ ఇటూ జరిపి సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు. వాల్‌పేపర్ దుకాణంలోనే పొడి రూపంలో పేస్టు దొరుకుతుంది, నీళ్ళలో కలుపుకోవడమే. కాగితమంతటికీ అది, అంచులకి మాత్రం సన్నగా ఫెవికాల్. నేను చెప్పేది ఇదీ.

కాగితాన్ని పొడిగా ఉన్నప్పుడే కోసుకో, చుట్టూ అంగుళం ఎక్కువ. మామూలు కాగితం రకమైతే వెనక పేస్టు రాసి, పేస్టు వైపు లోపలికి మడిచి ఐదు నుంచి పది నిమిషాలు పక్కన పెట్టు. తడికి కాగితం సాగుతుంది. సాగకముందే అంటిస్తే చెక్క మీదే సాగి బుడగలు లేస్తాయి. ముక్కలన్నిటికీ ఒకే వ్యవధి ఇవ్వు, లేకపోతే ఒకటి ఎక్కువ సాగి ఒకటి తక్కువ సాగి గళ్ళు కలవవు. చుట్ట మీద 'పేస్ట్ ది వాల్' అని ఉంటే ఆ నానబెట్టే పని లేదు, పేస్టు నేరుగా చెక్కకే రాయి. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు మెత్తటి గుడ్డతో, లేదా వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో గాలి బయటికి తోసెయ్. అప్పడాల కర్ర, ప్లాస్టిక్ కార్డు లాంటివి పెట్టి నొక్కావో, డబ్బు పోసి కొన్న పొంగంతా అణిగిపోతుంది.

ఆరేదాకా అంచులు కోయకు. తడి కాగితం మీద బ్లేడు పెడితే కోసినట్టు కాకుండా పీకినట్టు అవుతుంది. మర్నాడు కొత్త బ్లేడుతో, స్టీలు స్కేలు ఆనించి కోయి. వానాకాలమైతే, సముద్రం పక్క ఊళ్ళయితే ఇంకో రోజు ఆగు. తొందరపడి ఎండలో పెట్టడం, ఫ్యాను కింద పెట్టడం చేస్తే అంచులు ముందు ఎండి లేస్తాయి.

ఇప్పుడు రంగు, ఇక్కడే ఈ పని మజా. ఒక్కో రంగుకి ఒక్కో స్వభావం. మ్యాట్ ఎమల్షన్ వేస్తే పొంగు మెత్తగా, పాతకాలపు సున్నం పనిలా కనిపిస్తుంది. కొంచెం మెరుపున్న ఎమల్షన్ వేస్తే ప్రతి రేకు అంచునా వెలుతురు పడి పువ్వు లేచి నిలబడుతుంది, తుడవడానికీ వీలు. సామానుకి నేను రెండోదే అంటాను. తెలుపు కావాలంటే ఆయిల్ ఎనామిల్ మాత్రం వద్దు, వెలుతురు సరిగా రాని గదిలో ఏడాది తిరిగేసరికి పచ్చబడుతుంది. మొదటి కోటు కాస్త పల్చగా కలిపి బ్రష్‌తో వెయ్. రోలరు పైపైన తిరుగుతుంది, పొంగుల మధ్య సందుల్లో తెల్లగా మిగిలిపోతుంది. రెండో కోటుకి రోలరు వాడుకోవచ్చు. చిక్కగా కుమ్మరించొద్దు, సందులు పూడిపోతే కాగితం వేసి ప్రయోజనం ఏముంది?

రంగుల్లో మాత్రం ధైర్యం చెయ్. వీడియోలన్నిట్లోనూ తెలుపో బూడిదో కనిపిస్తాయి, చలిదేశపు మసక వెలుతురుకి అవి సరిపోతాయేమో. మన ఎండకి, మన ఇళ్ళ వెలుతురుకి నెమలికంఠం, ముదురు వంకాయ రంగు, ఇటుక రంగు, తమలపాకు పచ్చ ఎంత బావుంటాయో వేసి చూడు. బయటి చట్రం ముదురుగా, మధ్య పలక అదే రంగులో ఒక మెట్టు లేతగా ఉంటే చాలు.

పువ్వుని లేపడానికి రెండు పద్ధతులు. మొదటిది, లేత రంగు వేసి బాగా ఆరాక, గోధుమ రంగుని నీళ్ళలో బాగా పల్చన చేసి పూసి, వెంటనే గుడ్డతో పైపైన తుడిచెయ్. పొంగు మీద లేత రంగు తేలుతుంది, సందుల్లో గోధుమ నిలుస్తుంది. పాత సామాను కళ వస్తుంది. రెండోది తిరగేసినట్టు. ముదురు రంగు వేసి, ఆరాక, బ్రష్ కొసకి కొంచెం బంగారు రంగు అద్ది, పాత కాగితం మీద అది దాదాపు పోయేదాకా తుడిచి, ఆ పొడి బ్రష్‌ని పొంగుల మీద ఆనీ ఆనకుండా ఆడించు. నిర్మల్ పనివాళ్ళు ముదురు రంగు మీద బంగారు రంగు నడిపే తీరు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? నేల ఎంత నల్లగా ఉంటే బంగారం అంత పలుకుతుంది. కానీ బంగారం మితిమీరకూడదు, నేత చీరలో జరీ ఎంత ఉంటుందో అంతే. బీరువా తలుపంతా మెరిస్తే కల్యాణ మండపం స్టేజీ ఇంటికి తెచ్చుకున్నట్టుంటుంది.

ఆఖర్న నీళ్ళతో కలిసే క్లియర్ కోటు ఒకటి రెండుసార్లు వేస్తే చేతి జిడ్డు, తడి గుడ్డ తట్టుకుంటుంది. పిడులు మార్చు. ఇత్తడి గుబ్బలు బిగించి చూడు, ఆ సామాను వయసే మారిపోతుంది.

ఎక్కడ వద్దో కూడా విను. బల్ల పైభాగానికి వద్దు. పొంగు మీద పెట్టి రాయలేం, వేడి గ్లాసు పెడితే మచ్చ, ఒలికిన పాలు సందుల్లోకి పోతే వాసన. అంతగా కావాలనుకుంటే పైన గాజు పలక వేయించు. పొయ్యి పక్కన వద్దు, సింకు కింద వద్దు. పూజ మందిరం లోపల అసలే వద్దు, కర్పూరం మసి, నూనె చుక్క, కుంకుమ ఆ సందుల్లో పడితే ఇక వదలవు. మందిరం కింద సొరుగులకైతే వేసుకో. మంచం తలవైపు చెక్కకి చాలామంది వేస్తారు, చూడ్డానికి బావుంటుంది, కానీ మనది తలకి నూనె రాసుకునే దేశం. ఆనుకునే చోట మరక పడుతుంది.

దుమ్ము పడుతుంది, అది ఒప్పుకోవాలి. వాడేసిన మెత్తటి పెయింట్ బ్రష్ ఒకటి కడిగి పెట్టుకుని వారానికోసారి విదిలిస్తే సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా విసుగొచ్చి తీసేయాలంటే? పీకొచ్చు, కానీ సులువు కాదు. రంగు పడ్డాక నీళ్ళు లోపలికి దిగవు. పైన బ్లేడుతో గీతలు పెట్టి, వేడినీళ్ళతో నానబెట్టి, లప్పం బద్దతో గీకాలి. కింద పొట్టు పలకైతే ఆ నీళ్ళకి అదే ఉబ్బుతుంది. తీయడం ఇంత కష్టం కాబట్టే టేకుకి వద్దన్నాను. విసుగొస్తే కాగితం పీకే పని పెట్టుకోకు, మీద రంగు మార్చుకో. అదే పువ్వు మీద అయిదారు సార్లు రంగు మార్చినా పొంగు నిలుస్తుంది, కోట్లు పల్చగా ఉంటే.

వానల్లో మొదలుపెట్టకు, పండగ నెత్తిమీద పెట్టుకుని అంతకన్నా మొదలుపెట్టకు. సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయాక మార్చి దాకా మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, ఎండ ముదరదు, పేస్టూ రంగూ రెండూ చక్కగా ఆరతాయి. బీరువా మొత్తం ఒకేసారి విప్పి పెట్టుకోకు, ఒక్క సొరుగుతో మొదలుపెట్టు. ఈలోపు ఆ సొరుగు కొలతలు రాసుకుని, దుకాణంలో మిగులు ముక్కలు ఏమున్నాయో అడిగి ఉంచు.